గజం స్థలానికి గంపెడు కాగితాలు

గుంటూరు: మిర్చి యార్డులో టిక్కీలు అమ్ముడుపోయి, పత్తి డబ్బు చేతికి వచ్చాక పల్లెల్లో ఏటా వినిపించే మాట ఒకటుంది. పట్నంలో ఒక స్థలమో, చిన్న ఇల్లో చూడాలని. పిల్లల చదువుల కోసమని కొందరు, ముసలితనంలో డాక్టర్లకు దగ్గరగా ఉండవచ్చునని మరికొందరు, కూతురికి పసుపు కుంకుమ కింద ఇవ్వాలని ఇంకొందరు ఈ ఆలోచన చేస్తుంటారు. ఆ మాట రచ్చబండ దాటకముందే బ్రోకరు చెవిన పడుతుంది. మర్నాడు పొద్దున్నే మోటారు సైకిలు గుమ్మం ముందు ఆగుతుంది.

పొలం కొనేటప్పుడు రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆ చేను ఎవరిది, వారి తాత ఎవరు, గట్టు తగాదా ఎవరితో ఉంది, ఏ కాలవ నీరు పారుతుంది అన్నది అతనికి తెలుసు. పట్నంలో ఆ పరిస్థితి లేదు. అమ్మేవాడు కొత్త, పక్క ఇంటివాడు కొత్త, సర్వే నెంబరు కొత్త. తెలిసిన మనిషి ఒక్కడే కనిపిస్తాడు, అతను మధ్యవర్తి. ఇరవై ఏళ్ల కష్టార్జితం అతని మాట మీద చేతులు మారుతోంది. అందుకే ఆ మాటకు ఎంతవరకు విలువ ఇవ్వాలో, ఎక్కడ ఆగి కాగితం అడగాలో తెలుసుకోవడం అవసరం.

వార్తతో పెరిగిన ధర

ఈ ప్రాంతంలో స్థలాల ధరలు ఎలా ఆడతాయో జనం కళ్లారా చూశారు. 2014లో రాజధాని విజయవాడ, గుంటూరు మధ్య వస్తుందన్న ప్రకటనతో గజం ధర రోజుకొక తీరుగా పెరిగింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగాక చుట్టుపక్కల ప్రతి కూడలిలోనూ రియల్ ఎస్టేటు ఆఫీసు వెలిసింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో కొనేవాడు కరువయ్యాడు. పెళ్లికో, చదువుకో అమ్ముకుందామని ఉంచుకున్న ప్లాట్లు అమ్ముడుపోక ఎన్నో కుటుంబాలు అవస్థ పడ్డాయి. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే 2న రాజధాని పనులు తిరిగి మొదలయ్యాక మళ్లీ కదలిక వచ్చింది.

ఈ పదేళ్ల అనుభవం నేర్పే పాఠం ఒకటుంది. ఉండడానికి కొనే ఇల్లు వేరు, ధర పెరుగుతుందని కొనే ప్లాటు వేరు. ఇల్లయితే ధర పెరిగినా తగ్గినా పిల్లలు అందులో ఉండి చదువుకుంటారు. ప్లాటు ధర వార్తల మీద ఆధారపడి ఉంటుంది. అప్పు తెచ్చి ప్లాటు కొన్నవారికి వడ్డీ ఆగదు, ధర మాత్రం ఆగవచ్చు. ఏజెంటు ముందు కూర్చోకముందే ఇంట్లోవారు తేల్చుకోవలసిన సంగతి ఇది.

ప్రకటనలో ఏముంటుంది?

ఒకప్పుడు అమ్మకపు ప్రకటనలు పత్రికల్లో రెండు మూడు వరుసల్లో ఉండేవి. ఇప్పుడు సెల్‌ఫోనులో వందల కొద్దీ వస్తున్నాయి. ఫొటోలు, వీడియోలు, వాట్సాప్ గ్రూపులు, గోడల మీద బోర్డులు అన్నిటిలోనూ ఇళ్లు అమ్మకానికి ఉన్నాయి. వీటివల్ల మేలు లేకపోలేదు. బస్సు ఎక్కకుండానే ఏ పేటలో ఏ ధర నడుస్తున్నదో ఒక అంచనాకు రావచ్చు.

అయితే ఒకే ఇంటిని నలుగురైదుగురు బ్రోకర్లు నాలుగైదు ధరలకు ప్రకటించడం పరిపాటి. అమ్ముడుపోయిన ఇల్లు కూడా ఫోనులో నెలల తరబడి అలాగే ఉంటుంది. దానికోసం ఫోను చేసినవారికి, అది నిన్ననే అయిపోయిందని చెప్పి మరొకటి చూపించడం కొందరికి అలవాటు. ప్రకటనలో ఉన్నది అడుగుతున్న ధర మాత్రమే, ఆ పేటలో నిజంగా అమ్ముడుపోయిన ధర కాదు. ఆ వీధిలో ఈమధ్య కొన్నవారిని ఇద్దరిని అడిగితే అసలు ధర బయటపడుతుంది.

హైవేకు ఐదు నిమిషాలు, కాలేజీకి పది నిమిషాలు అనే మాటలను నడిచి చూసుకోవాలి. ఇల్లు చూడటానికి ఒకసారి పగలు, ఒకసారి పొద్దుపోయాక వెళ్లాలి. ఒక పెద్ద వాన కురిసిన మర్నాడు వెళితే మరీ మంచిది. నీరు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తుందో ఏ ఫొటోలోనూ కనిపించదు. వేసవిలో బోరు ఎండుతుందా, మునిసిపల్ కుళాయి రోజూ వస్తుందా అన్నది అమ్మేవాడిని కాక ఎదురింటి ఆడవాళ్లను అడగాలి.

కొలతల తికమక

పల్లెలో ఎకరాలు, సెంట్లు. పట్నంలో గజాలు. అపార్టుమెంటులో చదరపు అడుగులు. కొన్నిచోట్ల అంకణాలు. ఈ మార్పుల్లోనే చాలామంది తడబడుతున్నారు. ఎకరానికి 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు. గజానికి 9 చదరపు అడుగులు. ఐదు సెంట్లు అంటే 242 గజాలు. సెంటు రూ. 6 లక్షలు అన్నా, గజం సుమారు రూ. 12,400 అన్నా దాదాపు ఒకటే. అంకణం మాత్రం ప్రాంతాన్ని బట్టి 36 చదరపు అడుగులు గానూ, 72 చదరపు అడుగులు గానూ లెక్కలో ఉంది. కనుక అంకణం ధర చెప్పినప్పుడు ఎన్ని అడుగుల అంకణమో ముందుగా అడగాలి.

అపార్టుమెంటు ఫ్లాటు విషయంలో మరో మెలిక ఉంది. మెట్లు, వరండాలు, లిఫ్టు స్థలం వాటా కూడా కలిపి చెప్పే అడుగులు ఒకటి, ఇంటి లోపల వాడుకునే కార్పెట్ ఏరియా ఒకటి. బయటి గోడలు, బాల్కనీ కార్పెట్ ఏరియా లెక్కలోకి రావు. ఫ్లాటు ఎన్ని అడుగులని అడిగితే కార్పెట్ ఏరియా ఎంతో చెప్పమనాలి. దానితోపాటు భూమిలో వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోవాలి. భవనం పాతబడినా ఆ గజాలు మిగులుతాయి.

ఏజెంటు ఎవరి మనిషి?

మధ్యవర్తి లేకుండా పని జరగదా అంటే, జరుగుతుంది. కాని మంచి మధ్యవర్తి చేసే సాయం తక్కువ కాదు. పది ఇళ్లు తిప్పి చూపిస్తాడు. మొండికేసిన అమ్మకందారును బేరానికి ఒప్పిస్తాడు. దస్తావేజు లేఖరి దగ్గర, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనులు దగ్గరుండి చేయిస్తాడు. ఊళ్లో పేరు చెడితే రేపు బేరం రాదని భయపడే బ్రోకర్లు ప్రతి పట్నంలోనూ ఉన్నారు.

మరచిపోకూడని సంగతి ఏమిటంటే, బేరం కుదిరితేనే అతనికి కమీషను. ధర పెరిగితే కమీషనూ పెరుగుతుంది. కొనేవాడు వద్దనుకుని వెనక్కి వస్తే అతని తిరుగుడంతా వృథా. అందువల్ల ఎంత మంచివాడైనా కొనమనే చెబుతాడు తప్ప మానమని చెప్పడం అరుదు. సాధారణంగా రెండు పక్షాల నుంచీ ఒక శాతమో, రెండు శాతమో పుచ్చుకోవడం వాడుకలో ఉంది. ఇంత ఇచ్చి తీరాలని చట్టం ఏదీ నిర్ణయించలేదు. ఇల్లు చూడబోయే ముందే కమీషను ఎంత, ఎప్పుడు ఇవ్వాలి అన్నది మాట్లాడుకోవాలి. రిజిస్ట్రేషను పూర్తయిన రోజున ఇస్తామనడం న్యాయమైన మాట.

కొందరు మధ్యవర్తులు అమ్మేవాడికి ఒక ధర, కొనేవాడికి మరో ధర చెప్పి నడుమ మిగిలింది జేబులో వేసుకుంటారు. అమ్మకందారును, కొనుగోలుదారును చివరిదాకా కలవనివ్వకపోవడం దీనికి గుర్తు. అడ్వాన్సు ఇచ్చే ముందు యజమానిని అతని ఇంట్లోనే కలుసుకుని, ధర అతని నోటినుంచి విని, పత్రాల మీద ఉన్న పేరు అతనిదేనని ఆధార్ కార్డుతో సరిచూసుకుంటే ఈ బెడద తప్పుతుంది.

రెరా ఇచ్చిన అండ

2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, జనం రెరా అని పిలిచేది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో వేసే వెంచరు గాని, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న భవనం గాని రెరాలో రిజిస్టరు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. అలాంటి ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా రిజిస్టరు చేసుకుని నెంబరు పొందాలి. తాను కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ ఆ నెంబరు చూపాలి. రిజిస్టరు కాని వెంచరులో ప్లాటు అమ్మిపెట్టకూడదు. ఈ నిబంధన మీరిన ఏజెంటుకు రోజుకు రూ. 10,000 చొప్పున, ప్లాటు ధరలో ఐదు శాతం వరకు జరిమానా పడవచ్చు.

రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. చెప్పిన గడువుకు ఇల్లు అప్పగించకపోతే, వద్దనుకున్నవారికి వడ్డీతో సహా సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయించాలి. ప్రకటనలో పార్కు అని, స్విమ్మింగు పూలు అని ఆశపెట్టి కట్టకపోతే నష్టపరిహారం అడగవచ్చు. ఫిర్యాదును రెరా సంస్థకు నేరుగా ఇవ్వవచ్చు. ప్రాజెక్టు వివరాలన్నీ రెరా వెబ్‌సైటులో ఉంటాయి. చదువుకునే పిల్లలున్న ఇంట్లో నెంబరు కొట్టి చూడటం పది నిమిషాల పని.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక యజమాని తన పాత ఇల్లు అమ్ముకుంటున్నప్పుడు నడుమ ఉండే బ్రోకరుకు ఈ చట్టం వర్తించదు. అక్కడ కొనేవాడి జాగ్రత్తే అతనికి రక్ష.

పంచాయతీ అప్రూవ్డ్ అంటే?

పట్నం శివారు వెంచర్ల బోర్డుల మీద పంచాయతీ అప్రూవ్డ్ అన్న మాట పెద్దక్షరాలతో కనిపిస్తుంది. పంచాయతీ ఒక్కటే తలచుకుంటే లేఅవుటుకు అనుమతి ఇచ్చే అధికారం దానికి లేదు. సి.ఆర్.డి.ఎ. పరిధిలో ఆ సంస్థ, ఇతర చోట్ల పట్టణాభివృద్ధి సంస్థ లేదా టౌన్ ప్లానింగు శాఖ ఆమోదం ఉండాలి. ఆమోదం పొందిన లేఅవుటుకు ఎల్.పి. నెంబరు ఉంటుంది. ఆ నెంబరును ఆ ఆఫీసులోనే విచారించి, అక్కడున్న నక్షాలో తాము కొనబోయే ప్లాటు నెంబరు ఎక్కడుందో చూసుకోవాలి. లేఅవుటులో పది శాతం స్థలం పార్కుకు, ప్రజావసరాలకు వదలాలి. ఆ ఖాళీ స్థలాన్ని కూడా ప్లాటుగా అమ్మేసిన సందర్భాలున్నాయి. రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు స్థానిక సంస్థకు తనఖాలో ఉంటాయి. తాము కొనేది వాటిలో ఒకటి కాదని తేల్చుకోవాలి.

అనుమతి లేని లేఅవుటులో ప్లాటు చౌకగానే వస్తుంది. తరువాత ఇంటి ప్లానుకు, బ్యాంకు అప్పుకు, కుళాయికి తిరిగేటప్పుడు ఆ చౌక బరువు తెలుస్తుంది. 2020లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం పెట్టినప్పుడు ఇలా కొన్నవారే మళ్లీ రుసుము చెల్లించవలసి వచ్చింది. అమ్మినవాడు అప్పటికే మరో ఊళ్లో మరో బోర్డు పెట్టుకున్నాడు.

చూడవలసిన కాగితాలు

మొదటిది అసలు దస్తావేజు. జెరాక్సు కాపీ చూసి డబ్బు ఇవ్వకూడదు. అసలు దస్తావేజు బ్యాంకులో తాకట్టు పెట్టి, జెరాక్సు చూపించి అడ్వాన్సు తీసుకునేవారున్నారు. రెండోది లింకు దస్తావేజులు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అన్న గొలుసు ఎక్కడా తెగకూడదు. న్యాయవాదులు సాధారణంగా 30 ఏళ్ల చరిత్ర చూస్తారు.

మూడోది ఈసీ. 1998లో రిజిస్ట్రేషను శాఖలో కంప్యూటర్లు వచ్చిన తరువాత ఇది తేలికైంది. ఆస్తి మీద జరిగిన రిజిస్టరు దస్తావేజులన్నీ ఇందులో వస్తాయి. కాని ఈసీలో పేరు శుభ్రంగా ఉంటే అంతా శుభ్రమేనన్న నమ్మకం పొరపాటు. కోర్టులో నడుస్తున్న దావా, వీలునామా, నోటి ఒప్పందం, పన్ను బకాయి అందులో కనిపించవు. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడవలసిందేనని చట్టం చెబుతోంది.

నాలుగోది 22-ఎ జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డు భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, ప్రభుత్వం జప్తు చేసినవి ఈ నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నెంబరు అందులో ఉంటే రిజిస్ట్రేషను ఆగిపోతుంది. డి-పట్టా భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. తరువాత వచ్చిన సడలింపులు తమ నెంబరుకు వర్తిస్తాయా లేదా అన్నది తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఈ ఒక్క సంగతి బ్రోకరు మాట మీద వదిలేయరాదు.

ఐదోది జీపీఏ. యజమాని ఎక్కడో ఉన్నాడు, నా దగ్గర పవర్ ఉంది అనేవారితో బేరం చేయవలసి వస్తే యజమానితో ఫోనులోనైనా మాట్లాడాలి. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన ఆస్తి చేతులు మారదని, రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజుతోనే హక్కు వస్తుందని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

అక్కచెల్లెళ్ల సంతకాలు

పిత్రార్జితం ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు అన్నదమ్ములు మాత్రమే సంతకాలకు వస్తుంటారు. తరువాత ఏళ్లకు ఆడబిడ్డ దావా వేస్తే కొన్నవాడు కోర్టు మెట్లెక్కుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందే పెళ్లయినవారికి అప్పట్లో అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా లేకుండా దేశమంతటా కూతుళ్లకు హక్కు ఇచ్చింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక అమ్మేవారి ఇంట్లో ఆడపిల్లలు ఎందరు, వారు ఎక్కడున్నారు అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. వారి సంతకం కావాలంటే ఆలస్యమవుతుందని బ్రోకరు విసుక్కుంటే, ఆ ఆలస్యాన్ని భరించడమే మేలు.

అడ్వాన్సు ఇచ్చే రోజు

వేరే పార్టీ రేపు వస్తున్నాడు, ఈ రాత్రే అడ్వాన్సు పడాలి అన్నది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన మాట. నిజంగానే ఆ పార్టీ వచ్చి కొనుక్కుంటే పోయేది ఒక బేరం. తొందరపడి ఇస్తే పోయేది సొమ్ము. కాగితాలు న్యాయవాదికి చూపించేదాకా పెద్ద మొత్తం ఇవ్వకూడదు. ఇచ్చేది బ్రోకరు చేతికి కాక యజమాని బ్యాంకు ఖాతాకే వెళ్లాలి.

2015 నుంచి స్థిరాస్తి అమ్మకానికి రూ. 20,000 గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం కింద నిషిద్ధం. పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను కట్టవలసిన ఆదాయం లేనప్పుడు మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్నా, చెక్కు ద్వారా ఇచ్చిన సొమ్ముకు సాక్ష్యం బ్యాంకే చెబుతుంది.

అగ్రిమెంటులో ధర, ఇచ్చిన సొమ్ము, గడువు, హద్దులు, కొలతలు స్పష్టంగా ఉండాలి. కాగితాల్లో లోపం తేలితే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్న షరతు తప్పనిసరి. అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించడం క్షేమం. అమ్మేవాడు మాట తప్పితే గడువు తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. పెద్దమనుషుల్లో పెట్టి చూద్దామని ఏళ్లు గడిపినవారికి ఆ హక్కు కూడా చేజారుతోంది.

ఖర్చు లెక్క

చేతిలో ఉన్నదంతా ధరకే సరిపెట్టుకుని, రిజిస్ట్రేషను నాడు అప్పుకు పరుగెత్తేవారు చాలామంది. ఉదాహరణకు 200 గజాల స్థలం గజం రూ. 15,000 చొప్పున రూ. 30 లక్షలు అయిందనుకుంటే, స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం, అంటే రూ. 2,25,000 అవుతుంది. కమీషను ఒక శాతమైతే రూ. 30,000. లేఖరి ఫీజు, న్యాయవాది ఫీజు, సర్వేయరు ఖర్చు దీనికి అదనం. న్యాయవాదికి ఇచ్చే కొద్దివేల రూపాయల దగ్గర పొదుపు చేసి, ముప్పై లక్షలకు చిక్కు తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

రిజిస్ట్రేషనుతో పని పూర్తయినట్టు కాదు. స్థలానికి సర్వే చేయించి హద్దు రాళ్లు పాతించి, చుట్టూ కంచె వేయాలి. ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పించుకోవాలి. ఊళ్లో ఉండి పట్నంలో ప్లాటు కొన్నవారు ఆరు నెలలకొకసారైనా వెళ్లి చూసుకుని, ఏడాదికొకసారి ఈసీ తీయిస్తుండాలి. ఖాళీ స్థలాలను దొంగ దస్తావేజులతో అమ్ముకునేవారి కన్ను, యజమాని రాని ప్లాటు మీదనే ముందు పడుతుంది.

గ్రామ సచివాలయాల్లో భూముల రికార్డులు చూడగల సిబ్బంది ఉన్నారు. నెలకొక రోజున పట్నంలో ఆస్తి కొనబోయేవారికి ఈసీ, 22-ఎ జాబితా, రెరా నెంబరు ఎలా చూడాలో అక్కడే చూపించే ఏర్పాటు చేస్తే ఎందరో నష్టపోకుండా ఉంటారు. దీనికి కొత్త చట్టం గాని, నిధులు గాని అక్కరలేదు. జిల్లా అధికారులు ఈ దిశగా ఆలోచించవలసిన అవసరం ఉంది. ఈలోగా మోటారు సైకిలు గుమ్మం ముందు ఆగిన ఇంట్లో, మంచినీళ్లిచ్చి మర్యాద చేసిన తరువాత, స్థలం చూడబోయే ముందే సర్వే నెంబరు రాసివ్వమని అడగడం అలవాటు కావాలి. నిజాయితీపరుడైన బ్రోకరు వెంటనే రాసిస్తాడు.